శివారు

నరసాపురం కాలువ గట్టున
కట్టుడు పళ్ళు పోసే గది నాది.
ఆదివారం మధ్యాహ్నం
దవడల అచ్చులన్నీ ఓ పక్కకి నెట్టేసి
బల్ల మీద పాత బడిపలకలు రెండు పరుస్తాం.
ముక్కు దగ్గర పెడితే ఇంకా సుద్దవాసన.
ఒకదాని చెక్క చట్రం మీద ఎవరో
మేకుతో 'ఐదు బి' అని గీసుకున్నారు.
ఆ రాయిలోకే మనుషుల్ని దింపాలి,
బొటనవేలంత మనుషుల్ని, గన్నేరు రేకంత మందాన.

బొమ్మ గీసింది జిలానీ మాస్టారు:
గట్టు మీద ముగ్గురు, వంగి,
భుజాన తాడు, తాడు చివర ఉప్పు పడవ.
"పడవ వద్దు" అంది సువార్తమ్మ.
లేసు డిజైన్లు గీసే మనిషి, ఖాళీల లెక్క ఆవిడది.
"తాడు బిగిస్తే చాలు. అవతల బరువుందని తెలుస్తుంది."
మాస్టారు రెండు వారాలు అలిగారు.
మూడో వారం పడవ చెరిపేసి తెచ్చారు,
చెరిపిన మచ్చ మాత్రం కాగితం మీద ఉంచుకుని.

ముందు వైపు లక్కోజు వీరాచారి గారిది.
ఉంగరాల మీద పేర్లు తిరగేసి చెక్కిన చెయ్యి.
కుడిని ఎడమగా, ఎత్తుని గోతిగా చూడ్డం
ఆయన చూపులోనే ఉంది.
వెనక వైపు నాది.
పళ్ళు అరగదీసే మరతో పలక తొలుస్తాను.
పన్ను చెడితే ఇంకోటి పోసుకోవచ్చు,
రాయి చెడితే చెడినట్టే.
మూడోవాడి మడమ లోతైపోయింది.
"వాపు అనుకుందాం లెండి" అన్నారు ఆచారి గారు,
తల ఎత్తకుండానే.

మొహాల దగ్గర తగువు.
మాస్టారికి మీసాలు కావాలి, ఆచారి గారికి కళ్ళు.
సువార్తమ్మ తాత తాడు లాగినవాడు.
"మొహం ఎవరు చూశారు?
నేల చూస్తూ నడిచేవోడంట.
మా నాన్నమ్మ భుజం మీద కాయ చూసి
గుర్తుపట్టేదంట" అని
లేసు సూదితో పలక మీద ఒక్క చుక్క పెట్టింది.
మొహాలు మానేశాం.

దీపపు మసి పట్టించి, పలకలు బిగించి
తగరం కరిగించి పోస్తే
మనుషులు వచ్చారు. తాడు రాలేదు.
మళ్ళీ పోశాం. తాడు సగం.
వేడి పెంచాం. సగమే.
ఏడు సార్లూ ఆ ముగ్గురే,
దేన్నీ లాగకుండా అంత కష్టపడుతూ.

అప్పుడు లేచారు పెచ్చెట్టి సుబ్బారాయుడు గారు.
లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు తలుపులు తిప్పిన మనిషి.
బొమ్మల కోసం కాదు, పకోడీల కోసం వస్తాడని
మాలో మాకు ఓ నవ్వు.
పలక వెలుగులో పెట్టి చూసి
"ఎగువంతా తడిసింది, శివారు ఎండింది" అన్నారు.
"నీళ్ళెక్కువ వదిలితే శివారుకి ఎక్కుతాయా ఏంటండీ?
ముందున్నది బయటికెళ్ళాలి కదా.
మురుగు కాలువేదీ?"

ముందున్నది గాలి.
తాడు కొస నుంచి పలక అంచుదాకా
వెంట్రుకంత గీత.
ఆయన చెయ్యి వణికితే
ఆచారి గారు మణికట్టు పట్టుకున్నారు.

ఎనిమిదోసారి తాడు వచ్చింది, కొసదాకా.
గోరుతో మీటితే సన్నగా మోగింది.

చల్లారాక కిటికీలో నిలబెట్టాం, కాలువ కనబడేలా.
సుబ్బారాయుడు గారు తల అడ్డంగా ఊపారు.
"దిగువకి పోతున్నారు. వాలుకి లాగడమెందుకండీ?
ఎగువకి తిప్పండి."

తిప్పితే ముందుకొచ్చింది నా వైపు.
మర జారిన గీతలు, వాచిన మడమ,
నేను ఎక్కడెక్కడ తప్పించుకున్నానో
సరిగ్గా అక్కడే ఎండ.
ఎవరూ ఏమీ అనలేదు.
సువార్తమ్మ దగ్గరకొచ్చి
ఆ మడమ కేసి చాలాసేపు చూసింది.

పకోడీల కాగితం ఉండ చేస్తూ
"వచ్చే ఆదివారం" అన్నారు మాస్టారు,
"ఆ పడవ సంగతి కూడా చూద్దామా?"